అత్తమ్మ చెవి, నా చెయ్యి

నాలుగు రోజులుగా మా అత్తమ్మకు పక్క మీద ఇటు నుంచి అటు తిరిగితే చాలు, ఇల్లంతా గిర్రున తిరుగుతోంది. జంపఖానాలు నేసే మనిషి మగ్గం మీద కూర్చోలేకపోయింది. బాత్రూమ్‌కు వెళ్లాలన్నా నా చెయ్యి పట్టుకోవాల్సిందే. ఈ రోజు హన్మకొండలో చెవి డాక్టర్‌కు చూపించాను.

చెవి వినడానికే అనుకున్నాను. మనల్ని తూలకుండా నిలబెట్టేది కూడా అదేనట. లోపలి చెవిలో ఉండే సన్నటి రేణువులు చోటు తప్పి జారాయట. డాక్టరమ్మ అత్తమ్మను పడుకోబెట్టి, తలను ఒక్కో వైపు తిప్పి కాసేపు ఉంచి, లేపి కూర్చోబెట్టింది. అంతే.

"సూది లేదు, గోలీ లేదు. మెడ తిప్పి పంపిచ్చింది. గిదేం దవాఖాన?" అని గొణుగుతూనే అత్తమ్మ ఏమీ పట్టుకోకుండా మెట్లన్నీ దిగేసింది. నేను మనసులోనే డాక్టరమ్మకు దండం పెట్టుకున్నాను.

చౌరస్తాకు రాగానే చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. నాకు భయమేసింది.

"మళ్ల కండ్లు తిరుగుతానయా అత్తమ్మా?"

"లేదు బిడ్డా. బండ్లు జోరుగ వత్తానయ్. నిన్ను దాటిద్దామని పట్టుకున్న."

నాకు నలభై రెండేళ్లు. మిమ్మల్ని కూడా ఇంకా ఇలా ఎవరైనా రోడ్డు దాటిస్తున్నారా? నేనైతే అవతలికి చేరాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.