కారు చెప్పిన పదహారు

నస్రుల్లాబాద్ దాటి కాలువ గట్టు వెంట రెండు మలుపులు తిరిగితే వచ్చే తండాలో, ఫూల్‌సింగ్‌ని అడగకుండా ఎవరూ నారుమడి మీద పట్టా కప్పేవాళ్లు కారు. ఇది గొప్పకు చెప్తున్న మాట కాదు. ఇరవై ఏళ్లుగా అంతే.

యాసంగి నారు పోసేది డిసెంబరులో. చలి గట్టిగా పడితే మొలక ఎదగదు, కొసలు ఎర్రబడతాయి, చూస్తుండగానే మడి మడంతా చచ్చిపోతుంది. అందుకని పొద్దుగూకేముందు పట్టా కప్పాలి, తెల్లారాక తీసెయ్యాలి, చల్లబడ్డ నీళ్లు వదిలి కొత్త నీళ్లు పెట్టాలి. వినడానికి బాగానే ఉంటుంది. యూరియా సంచులు విప్పి కుట్టిన పట్టా మంచుకు తడిసిందంటే ఎద్దంత బరువు. ఇటు ఒకరు, అటు ఒకరు పట్టుకోనిదే లేవదు. రోజూ ఆ చాకిరీ చేసే ఓపిక ఎవరికుంది? ఏ రాత్రి కప్పాలి, ఏ రాత్రి మానెయ్యొచ్చు అన్నది ముందే తెలిస్తే నడుము బతుకుతుంది. ఆ తెలిసినవాడు ఫూల్‌సింగ్.

సాయంత్రం గట్టు మీద గొంతుక్కూర్చుని మణికట్టుదాకా చెయ్యి మడి నీళ్లలో ముంచేవాడు. తండా పొయ్యిల పొగ నిటారుగా లేస్తోందో, నేలబారుగా పాకుతోందో చూసేవాడు. అంతసేపూ పెద్దమనుషులు కూడా నోరు మూసుకుని నిలబడేవాళ్లు. చివరికి చెయ్యి దులుపుకుని "కప్పుండ్రి" అనేవాడు, లేకపోతే "ఇయ్యాల పండుకోండ్రి" అనేవాడు. అంతే. దాని మీద మారు మాట లేదు.

ఆయనకున్నది అదొక్కటే మరి. రెండెకరాల పొలం అందరికీ ఉన్నదే. పెళ్లిళ్లలో ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్లు లేరు. వార్డు మెంబరుగా నిలబడితే భార్య చాంద్రి ఓటైనా పడిందో లేదో ఇప్పటికీ అనుమానమే. కానీ ఆ చలికాలం నలభై రోజులు మాత్రం ఫూల్‌సింగ్ కలెక్టరు. చలి తగ్గి శివరాత్రి వస్తోందంటే ఆయనకు దిగులు వేసేది.

అట్లాంటి మనిషి బతుకులోకి ఒక కారు వచ్చి పడింది.

కారు ఆయన అన్న కొడుకు సంజీవ్‌ది. బాన్సువాడ బస్టాండు దగ్గర కిరాయికి తోలుతుంటాడు. దసరాకు పాత బండి అమ్మేసి హైదరాబాద్ నుంచి తెల్ల కారొకటి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాడు. డిసెంబరులో ఒక తెల్లవారుజామున డోంగ్లి కిరాయికి పోతుంటే స్టీరింగ్ వెనక మీటర్ల మధ్య 4 అనే అంకె మిణుకుమంది, దాని పక్కన ఆరు రేకుల పువ్వు బొమ్మ వెలిగింది, 'టింగ్' అని గంట మోగింది. ఇంజిన్ పోయిందనుకుని సంజీవ్ గుండె జారిపోయింది. కిరాయి మనిషిని ఆటో ఎక్కించి, కారును బాలింతను నడిపించినట్టు మెల్లగా బాన్సువాడ శివారులో మెకానిక్ అఖిలేశ్ షెడ్డుకు చేర్చాడు.

అఖిలేశ్ పడీ పడీ నవ్వాడు. "బండికేం కాలేదన్నా. గీ అంకె బయట చలి ఎంతున్నదో చెప్తది. నాలుగుకు దిగిందంటే ఒక్కసారి గంట కొడ్తది. మంచు పడే దేశాల రోడ్డు మీద నీళ్లు గడ్డ కట్టి టైర్లు జారుతయ్ గదా, పైలం అని డ్రైవర్‌కు చెప్పుడన్నట్టు. మనకు గడ్డ కట్టేది లేదు, జారేది లేదు. ఫికర్ చెయ్యకు."

సంజీవ్ ఆ సంగతి తండాకు మోసుకొచ్చాడు. కొత్త ఒక వింత, పాత ఒక రోత. మూడో రోజుకల్లా పక్క ఊరి ఏసయ్య కూడా సైకిలేసుకుని వచ్చి, గట్టు మీద ఉన్న ఫూల్‌సింగ్ ముందు నుంచే పోయి, కారు కిటికీలో తల పెట్టి "ఇయ్యాల ఎంత బిడ్డా?" అని అడిగాడు. సంజీవ్ "పదకొండు, దిగుతుంది" అన్నాడు. "పదకొండంటే కప్పాల్సిందే" అని ఏసయ్య వెళ్లిపోయాడు. ఆ మాటే, అచ్చం ఆ మాటే, ఫూల్‌సింగ్ అర గంట ముందు అదే ఏసయ్యతో అని ఉన్నాడు. అప్పుడు "చూద్దాంలే అన్నా" అన్నవాడు, అంకె వినగానే సైకిలు తొక్కాడు.

ఒళ్లు మండిపోయింది ఫూల్‌సింగ్‌కి. ఎవరి మీద? మనిషి మీద అయితే తిట్టొచ్చు, కలబడొచ్చు. కారును ఏమని తిడతాడు? అయినా తిట్టాడు. అది ఎదురొస్తే ముఖం తిప్పుకుని ఉమ్మేవాడు. "ఎక్కు కాకా, దింపుత" అని సంజీవ్ ఆపితే, "నాకు కాళ్లున్నయ్" అని బస్టాపుదాకా ఎండలో నడిచేవాడు. అన్నం ముందు కూర్చున్నా అదే గోల. ఇరవై ఏండ్లు నా చెయ్యి చెప్తే విన్నరు, ఇప్పుడు రేకు డబ్బా చెప్తే వింటుండ్రు.

చాంద్రికి నవ్వాగలేదు. "సవతి వచ్చినట్టు ఏడుస్తుండవ్ గదయ్యా! రేపు దానికి శాపనార్థాలు గూడ పెడ్తవా?"

పెట్టేవాడే. దేవుడికి దండం పెట్టినప్పుడు కూడా కారు చెడిపోవాలనే మొక్కుకున్నాడు.

వారం తర్వాత బాన్సువాడ నుంచి యూరియా బస్తాలు తేవలసి వచ్చింది. బస్తాలు నెత్తిన మోయలేడు కాబట్టి, పౌరుషం దిగమింగుకుని సంజీవ్ కారెక్కాడు. ఎక్కాడేగానీ దారి పొడుగునా కళ్లు ఆ అంకె మీదే. పోయేటప్పుడు ఇరవై రెండు. బజారులో నీడకే ఆపుకుని గంటసేపు పని చూసుకుని మళ్లీ ఎక్కేసరికి ముప్పై ఒకటి. బజారు దాటాక ఇరవై ఏడు, ఇంకొంత దూరం పోయాక ఇరవై మూడు. చలికాలం నీడలో ముప్పై ఒకటేమిటి? ఫూల్‌సింగ్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. దారిలో గాలి కొట్టించడానికి అఖిలేశ్ షెడ్డు ముందు ఆపినప్పుడు, సంజీవ్ ఫోనులో ఉండగా, మెకానిక్‌ని పక్కకు పిలిచి అడిగాడు.

"ముందట బంపర్ లోపల చింతగింజంత బుడుపు ఉంటది కాకా, చలి చూసేది అదే" అని అఖిలేశ్ వంగి చూపించాడు. "బండి నిలబడ్డప్పుడు ఇంజిన్ వేడి దానికి తగుల్తది. ఉన్నదానికన్న పది ఎక్కువనే చూపెట్టొచ్చు. రెండు మూడు కిలోమీటర్లు ఉరికి, గాలి తగిలితేనే అసలుది చూపెడ్తది. నిలబడ్డ బండి మాట నమ్మొద్దు."

సొంత పెళ్లినాడు కూడా ఫూల్‌సింగ్ అంత సంతోషపడి ఉండడు. సంజీవ్‌కి చెప్పాడా? చెప్తే ఫూల్‌సింగ్ ఎట్లా అవుతాడు! సమయం రావాలి, నలుగురు ఉండాలి, అందరి ముందు కారు పరువు తియ్యాలి. ఆ మాటను కడుపులో దాచుకుని, బస్తాల మీద చెయ్యేసి, ఇంటిదాకా మీసంలో నవ్వుకుంటూ వచ్చాడు.

ఆ సమయం నాలుగు రోజులకే వచ్చింది. వచ్చిన తీరే బాగాలేదు.

ఫూల్‌సింగ్ పొలం పక్కనే చిన్నవ్వది ఎకరం చెక్క. అరవై అయిదు దాటిన మనిషి, మోకాళ్ల నొప్పి, ఒక్కతే చేసుకుంటుంది. ఉన్న విత్తనమంతా ఆ ఒక్క మడిలోనే పోసింది. ఆ నారు పోతే మళ్లీ పొయ్యడానికి గింజ లేదు, పోసినా కాలువ నీళ్ల వంతుకు అందదు. పట్టా కప్పాల్సిన రోజున చాంద్రి రెండో కొస పట్టుకునేది. ఆ రోజు చాంద్రి పుట్టింటికి పోయింది.

పొద్దు వాలుతుండగా చిన్నవ్వ పట్టా చుట్ట పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. సంజీవ్ కారు కాలువ పక్కన ఆగి ఉంది. ఫోనుకు చార్జింగ్ పెట్టుకుని, ఇంజిన్ ఆపకుండా, అరగంట నుంచి ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"బిడ్డా సంజీవ్, కారు ఎంతంటుంది?"

"పదహారవ్వా! ఇయ్యాల చలే లేదు, పండుకో."

ఫూల్‌సింగ్ నాలుగు అడుగుల దూరంలో పార కడుక్కుంటున్నాడు. అంతకుముందే చెయ్యి ముంచి చూశాడు. మూడు రోజులుగా వీచిన గాలి ఆగిపోయింది, మబ్బు తునక లేదు, పొగ నేలకు అంటుకుని పాకుతోంది. ఈ ఏటికల్లా గట్టి చలి ఈ రాత్రే. పదహారు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఆయనకు తెలుసు. ఒక్క మాట చాలు. కానీ ఆమె అడిగింది ఎవర్ని? తనను పక్కన పెట్టుకుని కారును అడిగింది. ఇరవై ఏళ్ల చెయ్యి కళ్లెదుట ఉంటే డబ్బాను అడిగింది. పోనీ, ఒక్కసారి పోనీ, అప్పుడు తెలిసొస్తుంది అందరికీ అనుకున్నాడు. పార మీద మట్టి ఎప్పుడో పోయింది. ఇంకా కడుగుతూనే ఉన్నాడు.

చిన్నవ్వ ఆయన వైపు చూసింది. ఆయన తలెత్తలేదు. ఇంకా కాసేపు చూసి, లేచి, పట్టాను రేకుల పాక కింద పెట్టి, మోకాలి మీద చెయ్యేసుకుంటూ ఊరి దారి పట్టింది.

ఆమె మలుపు తిరిగాక ఫూల్‌సింగ్ తన మడి మీద పట్టా కప్పుకున్నాడు. రెండో మనిషి లేక ఒక కొసకు రాళ్లు పెట్టి, అటూ ఇటూ ఉరికి, కప్పేసరికి చీకటి పడింది. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదని చెప్తే జాలి పడతారు. కానీ హాయిగా పట్టింది.

తెల్లారి సంజీవ్ బాన్సువాడ నుంచి ఫోను చేశాడు. "కాకా, గంట మోగింది! నాలుగు!" అని ఒకటే సంబరం. తండాలో ఆ మాట విని చప్పట్లు కొట్టినవాళ్లు కూడా ఉన్నారు.

మూడో రోజుకు చిన్నవ్వ మడిలో కొసలు తెల్లబడ్డాయి. నాలుగో రోజుకు ఎర్రబడ్డాయి. ఆ పదహారు నమ్మి కప్పని ఏసయ్య నారు కూడా ఒక మూల పోయింది. అతను నేరుగా ఫూల్‌సింగ్ ఇంటికే వచ్చాడు. "కారు ముంచిందన్నా. ఇగ నువ్వు చెప్పిందే మాట." అటు తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. చాంద్రి అందరికీ చాయ్ పెట్టింది. ఫూల్‌సింగ్ మంచం మీద కాలు మీద కాలు వేసుకుని, బంపర్ లోపలి బుడుపు సంగతి ఎత్తబోతున్నాడు. సరిగ్గా అప్పుడే చిన్నవ్వ వచ్చింది.

ఏడవలేదు, తిట్టలేదు. అరుగు మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నారంత పోయింది తమ్మీ. సంజీవ్ ఏడుస్తుండు పాపం, నా వల్లనే అని. వాని తప్పేముంది? కారు మాటకు నేనెందుకు పండుకుంట? వాడు పదహారు అన్నంక నేను నిన్ను చూసిన. నువ్వు ఆడనే ఉన్నవ్. అంకె తప్పయితే ఫూల్‌సింగు ఊకుంటడా, అంటడు గదా అనుకున్న. నువ్వేమన్లే. అందుకే కప్పలే."

ఫూల్‌సింగ్ కాలు మీది కాలు కిందికి దించాడు.

"ఆనాడు నీకు గూడ తెల్వలేదా తమ్మీ?"

అందరూ ఆయన ముఖంలోకే చూస్తున్నారు. తెలుసు అంటే, మరి ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. తెలియదు అంటే, ఇరవై ఏళ్లలో ఎన్నడూ నోటి నుంచి రాని మాట అది. చాంద్రి పొయ్యి దగ్గర నుంచి మొగుడి వైపు తిరిగింది. పుట్టింటి నుంచి వచ్చిన రోజు, తమ మడి మీది తడిసిన పట్టాను ఆరేసింది ఆమే.

"తెల్వలేదవ్వా" అన్నాడు ఫూల్‌సింగ్.

"పోనీలే" అంది చిన్నవ్వ. "అందరికి ఒక్కసారి అయితది. వయసొస్తుంది గదా."

ఏసయ్య గ్లాసు కింద పెట్టి నేల చూపులు చూశాడు. చాంద్రి ఆ రోజు మొగుడితో మాట్లాడలేదు, తర్వాతి రెండు రోజులు కూడా. ఫూల్‌సింగ్ తన మడిలో సగం నారు చిన్నవ్వకు తానే పీకి, తానే మోసుకెళ్లి ఇచ్చాడు. ఫూల్‌సింగు దేవుడసొంటోడు అని ఆమె కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పుకుంది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆయన ఏదో పని ఉన్నట్టు లేచి పోయేవాడు.

సంజీవ్ అఖిలేశ్ దగ్గరికి పోయి అన్నీ అడిగి తెలుసుకుని వచ్చాడు. మరుసటి ఏడు చలికాలం, రోజూ సాయంత్రం పెద్ద రోడ్డుదాకా పోయి, మూడు కిలోమీటర్లు ఆగకుండా తోలుకొచ్చి, ఇంజిన్ ఆపకముందే అంకె చూసి కేకేసేవాడు. ఆ అంకె తప్పలేదు. అయినా ఒక సాయంత్రం కాకా మీద ప్రేమ కొద్దీ గట్టు దగ్గరికి వచ్చాడు.

"కాకా, కారు తొమ్మిది అంటుంది. నువ్వేమంటవ్?"

ఫూల్‌సింగ్‌కి ప్రాణం లేచి వచ్చింది. నారుమడి వైపు వంగబోయాడు. పక్క పొలం నుంచి చిన్నవ్వ అడ్డుపడింది.

"ఆయన్నెందుకు సతాయిస్తవ్ బిడ్డా! ఇగ ఆయనకు అంచనా అందుతలేదు. నువ్వు చెప్పినవ్ గదా, చాలు. తమ్మీ, జర గీ పట్టా కొస పట్టు."

ఫూల్‌సింగ్ పోయి కొస పట్టుకున్నాడు.