దేవరకొండ బండమీది పగుళ్లు

చిట్యాలలో పెయింటర్ బాలస్వామి అంటే ఒకప్పుడు తెలియని దుకాణం లేదు. పదో తరగతి తప్పి, పెయింటర్ రాంచందర్ దగ్గర డబ్బాలు కడుగుతూ గోడమీద అక్షరం రాయడం నేర్చుకున్నాడు. ఫ్లెక్సీలు వచ్చి గోడలను మింగేశాక ట్రాక్టర్ ట్రాలీలకూ, చర్చి బోర్డులకూ దిగాడు. చేయి మాత్రం దిగలేదు.

పోయిన ఏడు రామన్నపేట జానీ వచ్చాడు. హైదరాబాదులో రాక్ బ్యాండు పెట్టుకొని పాడుతుంటాడు. "కాకా, మా పాటల రికార్డుకు అట్టబొమ్మ నువ్వే వెయ్యాలె" అన్నాడు. బాలస్వామి ఇరవై రోజులు కూర్చొని దేవరకొండ కోట బండ గీశాడు. బండ నిండా పగుళ్లు. కింద గడ్డిలో నీడ లేని మేక. మూలకు ఎప్పటిలాగే తన పేరు.

ఇవాళ జానీ ఆ అట్ట పట్టుకొని ఉరికొచ్చాడు. "కాకా, లోకమంతా నీ బొమ్మల గుట్లు ఎతుకుతాంది! చూడు."

ఫోనులో వీడియో, అందులో నరేశ్ మాట్లాడుతున్నాడు. అట్టమీద అక్షరాలు కూర్చిన డిజైనరు అతను. నీడ లేని మేక అంటే ఊరిడిచిన మనిషట. పగుళ్లు ఈ నేల గాయాలట. ఊహలన్నీ తనవేనట. సాయంత్రం బ్యాండు పాటల సభలో జనం ముందు ఇదంతా మళ్లీ చెబుతాడట.

బాలస్వామి అట్ట అందుకొని మూలకు చూశాడు. పేరున్న చోట గడ్డి మొలిచింది.

"నా పేరేదిరా?"

"నరేశన్న తీసేసిండు కాకా, అక్షరాలకు అడ్డమొస్తుందని. అచ్చయినంకనే నాకూ ఎర్కయింది. మళ్లా అచ్చేస్తే ఎనక చిన్నగ..."

"చిన్నగనా? మేకకు నీడెందుకు లేదో ఎర్కేనా వానికి? మిట్టమధ్యాహ్నం గీసిన! నీడ కాళ్లకిందనే ఉంటది. జన్మల మేకను చూసిండా వాడు?"

లోపలినుంచి భార్య ఎస్తేరు కేకేసింది. "బీపీ మనిషివి, గట్ల మొత్తుకోకు. గోళి ఏసుకున్నవా?"

"గోళి వానికియ్యి!"

గోడ చేతులు మారినప్పుడల్లా జనం ముందుగా తుడిచేది పెయింటరు పేరే. అందుకే రాంచందర్ చెప్పేవాడు: మూలకు ఒక పేరు రాయి, ఇంకోటి బొమ్మ నడుమ తలకిందులుగా దాచు. దాన్ని తుడవాలంటే బొమ్మే పోవాలె.

"కొట్టు ఫోను. స్పీకర్ పెట్టు."

నరేశ్ ఎత్తాడు.

"అట్ట దగ్గరున్నదా సారూ? తలకిందులు పట్టుకో." బాలస్వామి తానూ తిప్పి పట్టుకున్నాడు. బండ ఈ చివరనుంచి ఆ చివరకు పగుళ్లన్నీ అక్షరాలయ్యాయి: పెయింటర్ బాలస్వామి, చిట్యాల.

జానీ నోరు తెరిచాడు. ఫోనులో అట్ట తిప్పిన చప్పుడు.

"గాయాలన్నవు గద. చదువు."

"అన్నా, అదీ..."

"అన్న లేదు గిన్న లేదు. చదువు."

నరేశ్ చదివాడు.

"గట్టిగ."

మళ్లీ చదివాడు.

"పొద్దుమీకి గా జనం ముంగట గూడ గింతే గట్టిగ చదువు."

ఫోను జానీ చేతిలో పెట్టి, బాలస్వామి వాకిట్లో సగం రాసిన ట్రాలీ దగ్గరికి పోయి కుంచె ఎత్తాడు. కోపంలో గీత వంకరపోయింది. గుడ్డతో తుడిచేసి, మళ్లీ మొదటినుంచి గీశాడు.