లేదనని మేనత్త

శ్రావణ సోమవారం, పగలు పదకొండు గంటలకు పెనుకొండ కోర్టులో మా మేనత్త బోనెక్కింది. ధర్మవరంలో మొగుడు చనిపోతూ వదిలిపోయిన ఇల్లూ మగ్గాలూ మరిది లాక్కున్నాడు. దావాకు కోర్టు ఫీజు కట్టే శక్తి ఆమెకు లేదు. బీదరాలని జడ్జి ఒప్పుకుంటేనే ఫీజు మాఫీ.

ఆమె నోట ‘లేదు’ అనే మాటే రాదు. ఆ మాటంటే ఇంటికి అరిష్టమట! ఉప్పయిపోయినా ‘తేవల్ల’, తేవాలి, అనేది. నాకా పిచ్చి లేదు.

“ఏమీ లేదని చెప్పమ్మా, చాలు,” అని వకీలు బతిమాలాడు.

జడ్జి అడిగాడు: “నీకు ఆస్తి ఉందా?”

“ఉండాది సామీ!”

వకీలు తల పట్టుకున్నాడు. మరిది మీసం దువ్వాడు. మేనత్త అతని వైపు చెయ్యి చాపింది.

“అంతా ఆయప్ప దగ్గరే ఉండాది. దానికే గదా వచ్చినా!”

జడ్జి నవ్వుతూనే ఫీజు మాఫీ చేశాడు!

ఆ రోజు అక్కడున్నది జడ్జి, వకీలు, బంట్రోతు, మరిది, మేనత్త, నేను. నవ్వనిది మరిదీ మేనత్తా మాత్రమే.