చల్లుడు మామయ్య పరువు

ఎరువు చల్లడం గురించి ఇంతవరకు ఎవరూ ఉద్గ్రంథం రాయలేదు గానీ, రాస్తే అందులో మొదటి అధ్యాయం చల్లుడు మామయ్యకే దక్కాలి. ఆయన చంకన తట్ట పెట్టుకుని యూరియా చల్లితే, పైరు దుప్పటి పరిచినట్టు ఒకే పచ్చగా లేచేది. పక్క పొలాలవాళ్లు కూడా బతిమాలి పిలుచుకునేవారు.

అంతటి చేతికి సర్కారు కళ్లెం వేసింది. పొలాల్లోని ఎరువు భూమిలోకి దిగి, మామయ్య ఇంటి బావి నీళ్లు పసిపిల్లలకు పనికిరాకుండా పోయాయని పరీక్షలో తేలింది. ఇంట్లో నెలల మనవరాలుంది. కోడలు వీధి చివరి కుళాయి నుంచి బిందెలు మోస్తోంది. యూరియా సగానికి తగ్గించి, ఎరువు నీళ్లలో కలవకుండా వాగు ఒడ్డున గడ్డి పెంచే రైతులకు ఏటా డబ్బు సాయం చేస్తామన్నారు సర్కారు వాళ్లు. అత్తయ్య దగ్గరుండి ఆయన చేత ఆ ఒప్పందం మీద సంతకం పెట్టించింది.

ఈసారి పైరు కాస్త రంగు వెలిసినట్టు లేచింది. బావమరిది గట్టు మీద నిలబడి, "ఏం బావా, పైరుకి పచ్చకామెర్లా? డాక్టర్ని పిలవమంటావా?" అన్నాడు.

"ముందు నీ నోటికి పిలుచుకో."

అన్నాడే గానీ, ఆ మాట లోపల కెలుకుతూనే ఉంది. మర్నాడు అత్తయ్య అలా సంతకు వెళ్లగానే, కొట్టంలో మిగిలిన సంచీ విప్పాడు. ఒక మడి పూర్తయ్యాక మనవరాలు గుర్తొచ్చి ఆగిపోయాడు.

కొన్నాళ్లకు ఆ మడి ఒక్కటే ముదురాకుపచ్చగా నిగనిగలాడింది. తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ దాన్ని చాలాసేపు చూసింది. మంచి మనిషి. "ఇందులో గొర్రెల మంద గానీ పడుకుందా, పెద్దాయనా? గొర్రెల ఎరువైతే పర్లేదు," అని తనే దారి చూపించింది.

తలూపితే చాలు. పక్కనే ఉన్న అత్తయ్యకు సంగతి అప్పుడే అర్థమైంది. అయినా ఊపమన్నట్టే చూసింది.

మామయ్య మొహం ఎర్రబడింది. "గొర్రెలా? ఏ మూలైనా ఒక్క మచ్చ ఉందేమో చూడు తల్లీ! గొర్రెలు ఇంత సమానంగా వేస్తాయా? అది నేను చల్లింది!"

కళాకారుడు తన కళను ఇంత స్పష్టంగా సొంతం చేసుకోవడం అరుదు. ఆ మడికి ఈ ఏటి సాయం పోయింది. ఇంకోసారి చల్లితే అన్ని మడులకూ పోతుందని ఆఫీసరమ్మ మెల్లగానే చెప్పింది.

అత్తయ్య నెత్తి కొట్టుకుంది. "ఆ చెయ్యి ఊరుకోదమ్మా, దానికేదో ఒక పని పడెయ్యాలి. ఆ గడ్డి గింజలేవో ఇచ్చెయ్యండి, వాగు పొడుగునా ఈయన చేతే చల్లిస్తా."

ఆఫీసరమ్మ జీపులోంచి సంచీ దింపించింది. మామయ్య గింజలు అరచేతిలో పోసుకుని, మెల్లగా ఊది చూశాడు.

"మరీ తేలిక. గాలి తగ్గాలి," అని తీర్పు చెప్పాడు.

ముగ్గురూ గట్టు మీద కూర్చున్నారు.