వెనక్కి తిప్పిన తేదీ

మొన్న ఎల్బీనగర్‌లో మందుల దుకాణం షట్టర్ కీచుమని సగం లేస్తుంటే పళ్లు జివ్వుమన్నాయి, ఆ వెంటనే నవ్వొచ్చింది. యాదగిరి సార్ గుర్తొచ్చారు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆయన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ షట్టర్ అచ్చం ఇలాగే ఏడ్చేది. పొద్దున్నే చౌరస్తాలో బంద్ నినాదాలిచ్చేదీ ఆయనే, పదింటికల్లా షట్టర్ కింద నుంచి దూరి వచ్చి మాకు పాఠం చెప్పేదీ ఆయనే. "బంద్ బయట. లోపట క్లాసు" అనేవారు.

మాది గుంటూరు వైపు నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. అలాంటి ఒక బంద్ రోజున, ఒక చిన్న కంపెనీ యజమాని నా ప్రాజెక్టు చూడడానికి పదకొండింటికి వస్తానన్నాడు. నచ్చితే ఉద్యోగం. సార్ గదిలోని సర్వర్‌లో ఉన్న నా వెబ్‌సైటును హాల్లో కంప్యూటర్‌లో తెరిస్తే, సైటు నమ్మదగినదని చెప్పే తాళం గుర్తు కనబడాలి. అందుకోసం సైటుకు గుర్తింపు పత్రంలాంటి సర్టిఫికెట్ ఒకటి నేనే తయారుచేసి పెట్టాను. కనబడింది మాత్రం ఎర్రటి హెచ్చరిక.

"సర్టిఫికెట్ నీకు నువ్వే రాసుకుంటివి. ఎవడు నమ్ముతడు? గెజిటెడ్ ఆఫీసర్ పచ్చ ఇంకుతోని సంతకం పెట్టాలె గద!" అన్నారు సార్.

"ఇక్కడ గెజిటెడ్ ఆఫీసర్ ఎవరండీ?"

"నేనే!"

సర్వర్‌లోనే ఇన్‌స్టిట్యూట్ పేరుతో నా సర్టిఫికెట్‌కు సంతకం పెట్టించి, ఆ సంతకాన్ని నమ్మమని హాల్లో కంప్యూటర్‌కు చెప్పారు. అయినా అదే ఎరుపు. మూడుసార్లు మళ్లీ చేయించారు. "ఏడనో తప్పు కొట్టినవ్" అని ప్రతిసారీ నా మీదే విసుక్కున్నారు. హెచ్చరికలో ఏముందో చదువుదామంటే, "ఎర్రగ కనవడుతుంటే ఇంక చదివేదేంది?" అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అంతలో యజమాని షట్టర్ కింద దూరి, మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ నా వెనక నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచక ఆ హెచ్చరికను చదివాను. సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదట! తెర మూలన తేదీ మూడు నెలలు వెనక ఉంది. సర్వర్‌లో ఆ పొద్దునే పుట్టిన సర్టిఫికెట్‌కు ఈ కంప్యూటర్ లెక్కలో పుట్టినరోజే ఇంకా రాలేదు. ట్రయల్ సాఫ్ట్‌వేర్ గడువు తీరకుండా హాల్లోని కంప్యూటర్ల తేదీని వెనక్కి తిప్పుతూ ఉండేది సారే. చెబితే ఆయన పరువు పోతుంది, చెప్పకపోతే నా ఉద్యోగం పోతుంది.

సార్ కూడా తేదీ చూశారు. ముఖం పాలిపోయింది. గొంతు సవరించుకుని, "పిల్ల తప్పేం లేదు సార్. నెల రోజుల సాఫ్ట్‌వేర్ ఏడాది నడవాలని తారీకు నేనే ఎనకకు తిప్పిన. పొద్దుగాల సంది ఈమెను ఊకెనే పరేషాన్ చేసిన" అన్నారు.

తేదీ సరిచేశారు. తాళం గుర్తు వచ్చింది. దాని వెనకే 'మీ గడువు ముగిసింది' అంటూ ఆ ట్రయల్ సాఫ్ట్‌వేర్ కూడా తెర మీదికి వచ్చింది. యజమాని నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు. ఉద్యోగం ఇచ్చాడు.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. ఏది చెడినా ముందు తేదీ చూస్తాను. అది సరిగ్గా ఉంటే, ఎవరినైనా కసురుకునే ముందు నేనేం తిప్పానో వెతుక్కుంటాను. దొరికితే అందరి ముందే చెప్పేస్తాను. ముఖం ప్రతిసారీ సార్‌కు లాగే పాలిపోతుంది.