నిమ్మకాయ తొక్కని చక్రాలు

మా బావని నమ్మినంతగా నేను డాక్టర్ని కూడా నమ్మలేదు. నా మోకాళ్ళ ఎక్స్‌రే చూసి డాక్టరు, "మహా అయితే ఇంకో నాలుగేళ్ళు మాస్టారూ, ఆ తర్వాత మెట్లెక్కడమే కష్టం" అంటే దిగాలు పడిపోయాను. బావ మాత్రం, "నాలుగేళ్ళుంటే నాలుగేళ్ళే బోర్డు తొక్కరా, ఏటి పోయింది?" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని, యాభై మూడేళ్ళ వయసులో మళ్ళీ చిన్ననాటి చక్రాల పలక, అదే స్కేట్‌బోర్డు ఎక్కాలని నిశ్చయించుకున్నాను.

బావంటే మా మేనత్త కొడుకు. నాకంటే ఏడాది పెద్ద. చిన్నప్పుడు రెండు కుటుంబాలూ కొత్తవలస రైల్వే క్వార్టర్స్‌లోనే ఉండేవి. మా మావయ్య ఎవరో ఓడలో పనిచేసే మనిషి దగ్గర కొని ఒక స్కేట్‌బోర్డు తెచ్చాడు. ఇద్దరికీ అదొక్కటే. గూడ్సు ప్లాట్‌ఫారం ఖాళీగా ఉన్నప్పుడు ఒకడెక్కితే ఇంకొకడు వెనకనుంచి తోసేవాడు. ఎవరైనా కేకలేస్తే బోర్డు చంకన పెట్టుకుని ఒకటే పరుగు. తర్వాత దాని చక్రం ఊడింది, చదువులొచ్చాయి, ఉద్యోగాలొచ్చాయి. ఈమధ్య బావకి షుగరు ముదిరి ఎడమకాలి వేళ్ళు రెండు తీసేశారు. తను ఎక్కలేడు. ఎక్కలేనివాడు నన్ను ఎక్కమన్నాడే అని పొంగిపోయాను. వెర్రివెధవని.

మా ఆవిడ, "ఈ వయసులో ఏటా పిచ్చి? సెయ్యో కాలో ఇరిగితే నేను సెయ్యను సాకిరీ" అని మొహమ్మీదే అనేసింది. అందుకు నాకు కోపం లేదు. అన్నది ఎదురుగానే కదా.

రెండు నెలలు పట్టింది బోర్డు ఎంచుకోవడానికి. పెళ్ళిసంబంధం కూడా అంత శ్రద్ధగా చూసుకోలేదు. పొట్టిబోర్డు కుర్రాళ్ళకి, నాకు పొడుగుది కావాలి, లాంగ్‌బోర్డు అంటారే, అది. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడినా చోటుండాలి. పలక నేలకి దగ్గరగా ఉండాలి, దిగిన ప్రతిసారీ మోకాలు ఎక్కువ వంచక్కర్లేకుండా. అన్నిటికంటే ముఖ్యం చక్రాలు. పెద్దవి, మెత్తనివి. గోరుతో నొక్కితే కొంచెం లోపలికి దిగాలి. మన రోడ్ల మీద కంకరరాయి లేని గజం చూపించండి! చిన్న గట్టి చక్రానికి రాయి తగిలితే బోర్డు ఆగిపోతుంది, మనిషి ఆగడు.

ఫోన్లో వస్తువులు కొనడం నాకు చేతకాదు. ఆ పని ఎప్పుడూ బావదే. నచ్చిన బోర్డు ఫొటో, చక్రాల కొలతా పంపించాను. "నా మీద ఒగ్గీరా, నేను సూసుకుంటాను కదా" అన్నాడు.

మా అరుగు మీద కబుర్లకి వారం వారం వచ్చినట్టే ఆ ఆదివారం కూడా పొద్దున్నే విజయనగరం నుంచి ఆటోలో దిగాడు, అట్టపెట్టెతో. భోగాపురం దగ్గర కొత్తగా వేసిన రోడ్డు ఉంది, నల్లగా, నున్నగా. అక్కడికి వెళ్ళాం. నేను ఎక్కబోతుంటే బావే ఆపాడు. "బండి బండే కదా, పూజ సేయించకుండా ఎక్కుతావేటి?" అన్నాడు. పక్కనే అమ్మవారి గుడి. పూజారి నవ్వుకుంటూనే పలకకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కారుకి పెట్టినట్టే నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. "తొయ్యండి బాబూ" అన్నాడు.

తోశాను. కదల్లేదు. కాలేసి గట్టిగా తోస్తే బోర్డు పక్కకి జారింది. కాయలు చెక్కుచెదరలేదు.

"ఏటి బాబూ, నిమ్మకాయనే తొక్కలేపోతన్నాయి ఈ సక్రాలు. మిమ్మల్నేటి మోస్తాయి?" అన్నాడు పూజారి.

సంబరంలో అప్పటిదాకా నేను కింద చూడనేలేదు. బోర్డు తిరగేశాను. చిన్న చక్రాలు. గోరు నొక్కితే గోరే నొప్పెట్టింది. పలక కూడా నేను చెప్పినంత కిందకి లేదు. నా ఒళ్ళు మండిపోయింది. "షాపువాడు మోసం చేశాడు బావా! ఫోనిలా ఇయ్యి, వాణ్ణి కడిగేస్తాను" అన్నాను.

"ఒగ్గీరా, ఇప్పుడెందుకు గొడవ" అన్నాడు. ఇవ్వలేదు. నేనే బావ జేబులోంచి లాక్కున్నాను. షాపువాడి నంబరు కోసం తడుముకుంటూ కొన్న వస్తువుల జాబితా తెరిచాను. నేను చెప్పిన బోర్డు అక్కడే ఉంది. దాన్ని ఆర్డరు పెట్టాడు, మర్నాడు రద్దు చేశాడు, దాని బదులు ఇది తెప్పించాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా ఇంటిదొంగని నిమ్మకాయ పట్టించింది.

"ఏటిది బావా?"

ఫోను కోసం చెయ్యి చాపాడు.

"నేను పడి సావాలనా?"

"సీ సీ, అలాటి మాటనకు. రెండుసార్లెక్కి, కుదర్దని మూల పడేత్తావనుకున్నాను."

"ఎందుకు?"

చెప్పులోని కాలి వంక చూసుకున్నాడు. "ఇద్దరం అరుగు మీద కూకున్నన్నాళ్ళూ బాగానే ఉన్నాది. నువ్వు దొల్లుకుంటూ ఎలిపోతే నేనొక్కణ్ణే ముసిలోణ్ణయిపోతాను రా."

జాలేసింది, అబద్ధమెందుకు. కానీ తడిగుడ్డతో గొంతు కోసినవాడి మీద ఎంతసేపని జాలిపడతాం? ఎక్కమన్నదీ ఈయనే, ఎక్కలేకుండా చేసిందీ ఈయనే. నాకున్నవే నాలుగేళ్ళు.

"ఎక్కొద్దురా, నాకు బాధగా ఉన్నాదని ఒక్క మాటంటే మానేద్దును కదా బావా!" అన్నాను. "నీకోసం మానేద్దును. నిజంగా మానేద్దును."

బావ ఏడ్చాడు. పూజారి పళ్ళెం తీసుకుని లోపలికెళ్ళిపోయాడు. నేను గుడిమెట్టు మీద కూర్చుని నా ఫోను తీశాను. తప్పులు నొక్కుకుంటూ, మళ్ళీ మొదటికొస్తూ, నా బోర్డు నేనే వెతుక్కున్నాను.

కాసేపటికి బావ కళ్ళు తుడుచుకుని వచ్చి, ఎప్పటిలాగే నా భుజం మీంచి ఫోన్లోకి తొంగిచూశాడు. "ఏ సక్రాలు పెడతన్నావురా?" అన్నాడు.

ఫోను అటు తిప్పేసుకున్నాను.