గంప కింద కాక్టస్

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, సెప్టెంబరులో, చిత్తూరు జిల్లాలోని ఒక చిన్న ఉద్యాన కార్యాలయానికి అధికారిగా వెళ్లాను. మొక్కల విషయంలో నా మాటకు తిరుగులేదని నాకు గట్టి నమ్మకం. చేరిన వారానికే సూపరింటెండెంట్ సుగుణమ్మగారు తన బల్ల మీది కుండీ తెచ్చి నా ముందు పెట్టారు. క్రిస్మస్ కాక్టస్ అని కొన్నారట. మూడేళ్లయినా ఒక్క మొగ్గ లేదు.

"ఈ క్రిస్మస్ పండక్కి మా మందిరంలో బల్ల మీద నా చెట్టే ఉంటాదని అందరికీ చెప్పేసినా సార్. డిసెంబరు ఆఖరుకు రిటైరైపోతా. పూయకుంటే నా మొగం యాడ పెట్టుకునేది?"

ఈ మొక్కల్లో ఆకుల్లా కనిపించేవి నిజానికి కాండం ముక్కలు. వాటి అంచులు గుండ్రంగా ఉంటే డిసెంబరులో పూసే రకం, మొనదేలి రంపపు పళ్లలా ఉంటే నవంబరు రకం. ఆమెది పళ్ల రకం. క్రిస్మస్ దాకా ఆగదని తేల్చి చెప్పాను. శాస్త్రం మన పండగల్ని చూసుకుని నడవదమ్మా అని కూడా అన్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మొగ్గ రాకపోవడానికి కారణం మాత్రం తేలిగ్గానే దొరికింది. ఈ మొక్కకు కొన్ని వారాలపాటు రోజూ పన్నెండు గంటలకు పైగా ఎడతెగని చీకటి కావాలి. మా ఆఫీసులో ట్యూబులైటు తెల్లవార్లూ వెలిగేది. దాన్ని ఆర్పాలంటే పైఅధికారికి నోటు పెట్టాలి. ఆ ఫైలు తిరిగొచ్చేలోగా సుగుణమ్మగారి మనవరాలు కూడా రిటైరవుతుంది. అందుకని సాయంత్రం ఐదింటికి కుండీ మీద మామిడికాయల గంప బోర్లించి, పైన గోనెపట్టా కప్పి, పొద్దున పదింటికి తీయమన్నాను.

నెల గడిచింది, మొగ్గ లేదు. నన్ను చూసి సిబ్బంది నవ్వు ఆపుకోవడం మొదలైంది. చివరికి వాచ్‌మన్ మునెప్పను పిలిచి, రాత్రి గంప ఎవరైనా తీస్తున్నారా అని అడిగాను.

"ఎవురూ తీయరు సార్. నేనే రౌండుకు వచ్చినప్పుడల్లా ఎత్తి, బ్యాటరీ లైటు ఏసి సూస్తా ఉండా. మూసిన గంప కింద ఏముండాదో సూడకుంటే రేపు నన్నే కదా అడిగేది."

ఇక ఎత్తవద్దని చెప్పాను. అంటే అసలు చీకటి మొదలైంది అక్టోబరు మధ్యలో. నవంబరు ఆఖరుకు మొగ్గలు కనిపించాయి. క్రిస్మస్ ముందురోజు కుండీ నిండా గులాబీ రంగు పూలు. చీకటిని ఆలస్యం చేస్తే పూత కూడా ఆలస్యమవుతుందని నేనే లెక్కగట్టి చెప్పాల్సింది. నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం సుగుణమ్మగారు కుండీ ఎత్తుకుని, నా గది దాటుకుని, నేరుగా గేటు దగ్గరికి వెళ్లి, దాన్ని కింద పెట్టి, అప్పుడే డ్యూటీకొచ్చిన మునెప్పకు దండం పెట్టారు.

"సారైతే నవంబరులోనే పూయించేసుండేవాడప్పా. నీ పుణ్యాన పండక్కి దక్కింది."

ఆ తర్వాత ఏ రైతుకైనా పూత ఎప్పుడొస్తుందో చెప్పే ముందు, తోటకు రాత్రి కాపలా ఎవరని అడిగేవాణ్ణి.